కిరాయి గొంతు

రఘుపతి ఇంకా కృతయుగం దాటలేదు. మైకు ముందు నిలబడి చాలాసేపైంది. సృష్టి మొదలైంది, శూన్యంలోంచి నాదం పుట్టింది, నాదంలోంచి వేదం పుట్టింది. ఈ నడకన ఆయన త్రేతా ద్వాపరాలు దాటుకొని కలియుగానికి రావాలి, కలియుగంలో జడ్చర్లకు రావాలి, జడ్చర్లలో మార్కెట్ యార్డుకు, యార్డులో బల్లలు కలిపి కట్టిన ఈ స్టేజీకి, స్టేజీ మీద నడివేసవిలో మూడు శాలువాలు కప్పుకొని ఇడ్లీపాత్రలో ఇడ్లీలాగా ఉడుకుతున్న లియాఖత్ అలీ దగ్గరికి రావాలి. రిటైరైన తెలుగు పండితుడికి మైకు ఇవ్వటమంటే ఆకలిగొన్న ఎద్దును జొన్నచేలో వదిలినట్టే. మామూలు రోజైతే లియాఖత్‌కు ఈపాటికి ఒళ్లు మండిపోయేది. ఇవాళ మాత్రం, ఆయన నోరు చల్లగుండ, ఇంకాసేపు మాట్లాడనీ, ద్వాపరంలో కూడా తీరిగ్గా కాళ్లు చాపుకొని కూర్చోనీ అని లోపల మొక్కుకుంటున్నాడు. ఎందుకంటే రఘుపతి తర్వాత సన్మానపత్రం, పత్రం తర్వాత బిరుదు, బిరుదు తర్వాత ఆనవాయితీ ప్రకారం సన్మానం పొందినవాడు లేచి నోరు తెరవాలి. ఆ బిరుదేమో ‘మేఘకంఠ’. వెనక కట్టిన గుడ్డ మీద బారెడు అక్షరాలతో రాయించారు. ముప్ఫై ఏళ్లకు పైగా తెరమీద ఉరిమిన కంఠానికి సొంత ఊరు ఇస్తున్న బిరుదు. ఉరిమిన మాట నిజమే. కంఠం మాత్రం తనది కాదు.

ఈ సంగతి తెలిసినవాళ్లు ఇంత జనంలో ముగ్గురే. ఒకరు తను. రెండోవాడు మెహమూద్, చెల్లెలి మొగుడు, పెళ్లిళ్లకూ ఉర్సులకూ మైకుసెట్లు కిరాయికిచ్చే మనిషి, ఇప్పుడు స్టేజీ వెనక గుడ్డ చాటున గొంతుక్కూర్చొని టేపురికార్డరు మీట మీద వేలు పెట్టుకొని ఉన్నాడు. తను కుడిచెయ్యి పైకెత్తగానే అతను మీట నొక్కుతాడు, నాలుగు స్తంభాలకు కట్టిన గొట్టాల్లోంచి సినిమాలో ఋషిగా తను పెట్టిన శాపం ఊడిపడుతుంది, తను పెదాలు కదిపితే చాలు. ఫికర్ చేయవద్దని మెహమూద్ పొద్దుటి నుంచి పదిసార్లు చెప్పాడు. అతను ఫికర్ చేయవద్దన్నప్పుడల్లా ఏదో ఒక పెళ్లిలో మైకు కాలిపోయిందన్న సంగతి లియాఖత్‌కు గుర్తుంది. ఇక మూడో మనిషి అమ్మీ. ఎదురుగా మొదటి వరసలో ఇనుపకుర్చీ మీద కాళ్లు పైకి ముడుచుకొని, చెంగు తలమీంచి చెవుల దాకా లాక్కొని, చెవులు మాత్రం కప్పకుండా కూర్చుంది లాల్ బీ. ఆమెకు చూపు లేదు. లియాఖత్ బడికి పోయే రోజుల్లోనే కళ్లు మసకేస్తే, ఎవడో చెట్ల పసరు పోసి, ఆ మసక కూడా లేకుండా చేశాడు. పక్కన గోడకు గోడ ఇంటి గోవిందమ్మ కూర్చొని, స్టేజీ మీద ఎవరేం చేస్తున్నారో ఎప్పటికప్పుడు ఆమె చెవిలో వేస్తోంది. ఇప్పుడు కూడా ఏదో చెప్పింది. బహుశా నీ కొడుకు చెమటలు కారుస్తున్నాడని చెప్పి ఉంటుంది.

మెడలో బంతిపూల దండ. దండలో చీమలు. ఒకటి కాలరు దాటి వీపు మీదికి ప్రయాణం పెట్టుకుంది, గోకుదామంటే జనమంతా తననే చూస్తున్నారు, మేఘకంఠుడు వీపు గోక్కుంటే బాగుండదు. అయినా చీమలు తనకు కొత్తా. మద్రాసులో ఓ సినిమాకు పుట్టలో తపస్సు చేసే ఋషిగా వేశాడు. పుట్టను అట్టతో కట్టి మట్టి మెత్తారు, మట్టి నిలవటానికి అందులో ఏ మహానుభావుడో బెల్లంనీళ్లు కలిపాడు, స్టూడియోలో ఉన్న చీమలన్నీ కుటుంబసమేతంగా దర్శనానికొచ్చాయి. కళ్లు మూసుకొని ఉండాలి, కదలకూడదు, అప్సరస వచ్చి నాట్యం చేసేదాకా కోపం రాకూడదు. అప్సరసకు ఆ రోజు పంటినొప్పి, మధ్యాహ్నం దాకా రాలేదు. తీరా ఆమె వచ్చి గజ్జె కట్టి రెండడుగులు వేశాక కళ్లు తెరవమన్నారు. తెరిచాడు. ఆ కళ్లు చూసి ఆ పిల్ల నిజంగా జడుసుకొని కెమెరామన్ వెనక్కి పోయి దాక్కుంది. డైరెక్టరు లేచి వచ్చి కావలించుకున్నాడు, ఆయన చొక్కాలోకి కూడా నాలుగు చీమలు పోయాయి. నటన నటన అంటారు గానీ, ఎక్కడో ఓ చీమ కుట్టనిదే మనిషికి కోపం రాదని అప్పుడే తెలిసింది.

అసలు తనకు వేషాలొచ్చిందే ఆ కళ్ల వల్ల. జడ్చర్ల నుంచి మద్రాసుకు పల్లికాయ లోడు తీసుకుపోయే లారీకి క్లీనరు తను, రాత్రంతా డ్రైవరు నిద్రపోకుండా మాటలు చెప్పటమే ఉద్యోగం. తెల్లారి మద్రాసులో లోడు దించుతుంటే ఎవడో కారు అడ్డం పెట్టాడు. తను ఏమీ అనలేదు, ఊరికే చూశాడు. రెండు రాత్రుల నిద్ర లేదు, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కారులో మనిషి దిగి వచ్చి, తిడతాడనుకుంటే, నువ్వు సినిమాల్లో వేస్తావా అని అడిగాడు. లారీ ఖాళీగా తిరిగి వచ్చింది, క్లీనరు రాలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా, రేపు శాపం పెట్టే సీను ఉందంటే ఇవాళ రాత్రి కన్ను మూసేవాడు కాదు. మహా తపశ్శక్తి అని పత్రికల్లో రాశారు, తను మాత్రం ఎప్పుడెప్పుడు నిద్రపోదామా అని చూసేవాడు. అంతెందుకు, నిన్న రాత్రి కూడా నిద్రపోలేదు. సీనుందంటే నిద్ర రాకపోవటం ఒంటికి అలవాటైపోయింది.

చప్పట్లు. రఘుపతి త్రేతాయుగంలోకి అడుగుపెట్టినట్టున్నాడు. వాక్కు, వాక్కు మహిమ, వాక్కు సిద్ధించిన మునులు. అదుగో, తన వైపు చెయ్యి చూపించాడు. లియాఖత్ తల వంచి నమస్కారం పెట్టాడు. మొదట్లో గుంపు వేషాలు, చిన్న చిన్న వేషాలు, అప్పుడు ఎవడు దొరికితే వాడు గొంతు కలిపేవాడు, ఎవరూ పట్టించుకోలేదు. పేరున్న ఋషి వేషం వచ్చిన రోజే వచ్చింది తంటా. గడ్డం అంటించారు, జడలు కట్టారు, రాజు కొలువుతీరి ఉన్నాడు, తను విసురుగా నడిచివచ్చి చెయ్యెత్తి శాపం మొదలుపెట్టాడు. మొదట మైకు దగ్గర కూర్చున్నవాడు నవ్వాడు, తర్వాత భటులు నవ్వారు, ఆఖరికి శాపం తగిలి కూలిపోవాల్సిన రాజు సింహాసనం చేతులు పట్టుకొని కిరీటం జారేదాకా నవ్వాడు. తన గొంతు సన్నం. తప్పిపోయిన మేకపిల్ల గొంతు. పైగా జడ్చర్ల యాస. ఈ యాస అప్పటి సినిమాల్లో నౌకర్లకూ రౌడీలకూ తప్ప దొరలకు పెట్టేవారు కాదు, ఇక ఋషులకా. మొహం మహర్షిదీ నోరు జడ్చర్ల బస్టాండుదీ అని డైరెక్టరు నెత్తి కొట్టుకున్నాడు. మొహాన్ని వదులుకోవటం ఇష్టం లేక నోటికి మనిషిని పెట్టాడు. ఋషి పేరు లియాఖత్ అలీ అని పడితే బాగుండదని పేరు కూడా మార్చి శ్రీపతి అన్నారు. పేరు నిర్మాతది, గొంతు రామచంద్రయ్యది, గడ్డం డ్రెస్సు కంపెనీది, కమండలం అద్దెది. లెక్క చూసుకుంటే తెర మీద తన సొంతమని చెప్పుకోవటానికి ఓ ముక్కూ రెండు ఎర్రకళ్లూ మిగిలాయి.

రామచంద్రయ్య. కృష్ణానది అవతలి మనిషి, పద్యనాటకాల్లో చెడిపోయి మద్రాసు చేరినవాడు. అరచెయ్యంత మనిషి, పక్కన పిల్లి తుమ్మినా ఉలిక్కిపడే మనిషి, గొంతు విప్పితే మాత్రం గోడలకు సున్నం రాలేది. మొదట్లో ఇద్దరికీ పడేది కాదు. ముఖానికి దండలు పడుతున్నాయి, గొంతుకు పడటం లేదని ఆయన ఏడుపు. తనకు జలుబు చేస్తే ఎవడికీ పట్టదు, ఆయనకు జలుబు చేస్తే షూటింగు ఆగిపోతుందని తన ఏడుపు. ఆ జలుబుల భయానికే దగ్గరయ్యారు. చలికాలం వస్తే తనే పొద్దున్నే మిరియాలపాలు పట్టుకొని ఆయన ఇంటికి పోయేవాడు, తాగేదాకా కదిలేవాడు కాదు, తన గొంతు ఎవరి ఒంట్లోనో ఉన్నప్పుడు మనిషి అంతకంటే ఏం చేయగలడు. హోటలుకు పోతే మరీ వింత. రామచంద్రయ్య ఉరుములాంటి గొంతుతో రెండు వడ, గట్టి చట్నీ అనేవాడు. సర్వరు పరుగున వచ్చి ఆ ప్లేటు లియాఖత్ ముందు పెట్టి, మీ గొంతు విని వచ్చాను స్వామీ అని దండం పెట్టేవాడు. రామచంద్రయ్య వడ వైపు చూసేవాడు, తను రామచంద్రయ్య వైపు చూసేవాడు. రైల్లో ఎవరైనా గుర్తుపట్టి పలకరిస్తే రామచంద్రయ్య పక్కనుంచి జవాబు చెప్పేవాడు, తను అలవాటు కొద్దీ పెదాలు కదిపేవాడు. ఒకసారి ఆయన నిద్రలో ఏదో కలవరిస్తే తను కూర్చున్నచోటనే పెదాలు ఆడించాడు. ఎదురు సీటు ముసలామె భయపడి వేరే పెట్టెలోకి పోయింది.

మరి ఊళ్లోవాళ్లకు అనుమానం రాలేదా అంటే, జడ్చర్ల జనానికి అనుమానమొస్తే దాన్ని వాళ్లే తీర్చుకుంటారు, ఎదుటివాడికి శ్రమ ఇవ్వరు. తను ఊరికొచ్చినప్పుడల్లా సొంత గొంతుతోనే మాట్లాడేవాడు, ఎవరి దగ్గరా దాచలేదు. దానికి వాళ్లు చెప్పుకున్న సమాధానం వింటే ముచ్చటేస్తుంది. పెద్ద గొంతు పండుగబట్టలాంటిదట. సినిమాకు పోయేటప్పుడు తొడుక్కుంటాడు, ఇంటికొచ్చి మడతపెట్టి సందూకులో పెడతాడు, అంత ఖరీదైన గొంతును ఎవడన్నా చాయ తాగేటప్పుడు వాడతాడా. తను కాదని రెండుమూడుసార్లు చెప్పబోయాడు. ఎంత అణకువ, పెద్దమనిషి లక్షణమే అది అని ఇంకో దండ వేశారు. పేరు కూడా వాళ్లే పెట్టారు, శాపాల సాయిబు అని. అంజయ్య అనే రైతు ఒకసారి ఏకంగా కోడిపుంజును పట్టుకొని వచ్చాడు. పక్క పొలంవాడు బోరు లోతుగా వేసి తన బోరులో నీళ్లన్నీ లాక్కుంటున్నాడట, వాడి బోరు ఎండిపోయేలాగా సినిమా గొంతుతో ఓ చిన్న శాపం, పెద్దది వద్దు, మనిషికేం కాకూడదు, మోటారు కాలిపోతే చాలట. శాపాలు పెట్టటం మానేశానని చెప్పి పంపించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఆ ఏడాది వానలు పడలేదు, కాలం కాలేదు, అందరి బోర్లూ ఎండిపోయాయి, అంజయ్యదీ ఎండిపోయింది. అప్పటినుంచి అతను లియాఖత్‌ను చూస్తే పక్కకు తప్పుకుంటాడు. అదుగో, మూడో వరసలో, పెద్దమనిషి వీపు చాటున కూర్చున్నాడు.

ఊరంతా ఒక ఎత్తు, అమ్మీ ఒక ఎత్తు. ఋషి వేషం వేసిన మొదటి సినిమా జడ్చర్ల టాకీసుకు వచ్చిన రోజు వాడకట్టంతా ఎడ్లబండ్లు కట్టుకొని పోయారట, తను మద్రాసులో ఉన్నాడు, చెల్లెలు చెప్పింది. లాల్ బీ కొత్తచీర కట్టుకొని ముందు బెంచీలో కూర్చుంది. కొడుకు తెరమీదికి రాగానే ఈలలు, చిల్లర విసుర్లు. నీ కొడుకు వచ్చిండు, ఇగో చెయ్యెత్తిండు అని గోవిందమ్మ చెబుతోంది. శాపం మొదలైంది. లాల్ బీ కొంచెంసేపు విని, వీడెవడు అని అడిగిందట. నీ కొడుకే అన్నారు. కాదంది. ముక్కు అదే, కళ్లు అవే అన్నారు. ముక్కు మాట్లాడుతదా అని అడిగి, గోవిందమ్మ భుజం మీద చెయ్యి వేసి లేచి బయటికి వచ్చేసిందట. అక్కడితో ఆగినా బాగుండేది. తను వేసిన ప్రతి సినిమాకూ పోయింది. ప్రతిసారీ కొత్తచీరో ఉతికిన చీరో కట్టుకొని పోయి, కొడుకు వచ్చేదాకా కూర్చొని, ఈసారన్నా మాట్లాడతాడేమోనని చెవి ఒగ్గి, ఆ గొంతు వినబడగానే లేచి వచ్చేసేది. ఇన్నేళ్లుగా, ఎన్ని సినిమాలు వేస్తే అన్నిసార్లు. ఇంట్లో మాట్లాడే లియాఖత్ ఆమెకు కొత్త కాదు, నలుగురూ చప్పట్లు కొట్టే లియాఖత్‌నే ఆమె ఒక్కసారి కూడా వినలేదు. చూసే కళ్లున్నవాళ్లందరికీ తను నటుడు. ఆమె లెక్కలో తన కొడుకు సినిమాల్లో ఇంకా చేరనేలేదు. ఈ సంగతి తలచుకుంటే లియాఖత్‌కు నవ్వొస్తుంది, నవ్వుతోపాటే ఏడుపూ వస్తుంది.

ఒకసారి రామచంద్రయ్యను ఇంటికి తీసుకొచ్చాడు. షాద్‌నగర్‌లో ఏదో పెళ్లికి పోయి తిరిగివస్తూ, మా అమ్మీ చేతి బిర్యానీ తినాలని చెప్పి. ఆయన శాకాహారి అని తీరా గడపలోకి వచ్చాక గుర్తొచ్చింది. రామచంద్రయ్య చెప్పులు విడిచి, నమస్కారమమ్మా అన్నాడు. ఆ ఒక్క ముక్కకే లాల్ బీ చేస్తున్న పని ఆపి, తడుముకుంటూ వచ్చి ఆయన ముఖమంతా వేళ్లతో చూసింది. నుదురు, చెంపలు, బట్టతల, గడ్డం కింద మెడ దాకా.

“మావాని నోట్లకెళ్లి మాట్లాడేటోనివి నువ్వేనా?” అంది.

అవునన్నాడు రామచంద్రయ్య. ఆయన గొంతు అంత చిన్నగా రావటం లియాఖత్ ఎప్పుడూ వినలేదు. ఇక ఏడుస్తుందో తిడుతుందో అనుకుంటే, ఇట్ల బక్కగ ఉన్నవేంది, ఇంత పెద్ద గొంతు యాడ పెట్టుకున్నవ్ అని ఉన్నపాటున జొన్నరొట్టెలు చేసి, పుంటికూర పప్పు వేసి, కడుపు పట్టనంత తినిపించింది. పోయేటప్పుడు మాత్రం ఓ మాట అడిగింది. నువ్వు జర ఒక్కసారి పక్కకు జరిగితే మావాడు మాట్లాడుతడు గద బిడ్డా అని. రామచంద్రయ్య ఆ మాట మరిచిపోలేదు. ఆ తర్వాత ఎప్పుడన్నా డబ్బింగు థియేటరులో ఇద్దరూ ఉన్నప్పుడు, పోనీ ఈ ఒక్క ముక్క నువ్వే చెప్పవోయ్ అనేవాడు, నిర్మాత ఒప్పుకుంటాడా ఏమన్నానా.

పోయిన వానాకాలం రామచంద్రయ్యే జరిగాడు. గుండె ఆగిపోయింది. శవం దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది తనే, కానీ ఎంత ఏడ్చినా ఆ సన్నటి గొంతుతోనే ఏడవాల్సి వచ్చింది. ఇక ఆ తర్వాత వేషాలు లేవు. వేరే గొంతు పెట్టి చూశారు, జనం ఒప్పుకోలేదు, శ్రీపతి గారికి గొంతు చెడిందని పత్రికలో వేశారు. దానితో జడ్చర్లకు కంగారు పుట్టి, గొంతు పూర్తిగా పోకముందే బిరుదు ఇవ్వాలని రఘుపతి చందాలు పోగుచేశాడు. వద్దంటే అణకువ అంటారు. నిజం చెబుదామంటే ఎవరు వింటారు. అప్పుడు మెహమూద్ ఓ పాత సినిమా క్యాసెట్టు తీసుకొచ్చాడు. శాపం సీను అందులో నిక్షేపంలాగా ఉంది. రామచంద్రయ్యకు ఓ దండన్నా పడినట్టుంటుందని తనకూ అనిపించింది. ఒప్పుకున్నాడు. అమ్మీ సన్మానానికి వస్తానంటుందని మాత్రం అనుకోలేదు. పొద్దున ఆమె ఉతికిన చీర అడిగినప్పుడే ఒళ్లు చల్లబడింది.

నిశ్శబ్దం. ఏమైంది. రఘుపతి ద్వాపరాన్ని ఎగ్గొట్టి ఒక్క దూకున కలియుగంలోకి వచ్చేశాడు, పత్రం చదివేశాడు, బిరుదు ఇచ్చేశాడు, చేతిలో ఏదో చల్లటి ఇత్తడి పలక ఉంది. జనం లేచి, శాపం, శాపం అంటున్నారు. రఘుపతి మైకు తన ముందుకు జరిపాడు. లియాఖత్ లేచి నిలబడ్డాడు. చీమ నడుము దాకా వచ్చింది. కుడిచెయ్యి పైకి లేచింది.

“ఓరీ మదాంధా!” అన్నాడు రామచంద్రయ్య, నాలుగు గొట్టాల్లోంచి.

యార్డు దద్దరిల్లింది. ఈలలు, తువాళ్లు గాల్లోకి ఎగరటం, ఎవడో పల్లికాయలు గుప్పిళ్లతో చల్లటం. ఇన్నేళ్లూ తన పెదాల వెంట ఆయన గొంతు పరుగెత్తేది, ఇవాళ చనిపోయినవాడి గొంతు ముందు పోతుంటే తన పెదాలు వెనక పరుగెత్తుతున్నాయి. వయసు మీదపడిన పెదాలు, ఒక్కో మాట జారిపోతోంది. అప్పుడు చూశాడు. లాల్ బీ కాళ్లు కిందికి దించింది. చేత్తో తడిమి గోవిందమ్మ భుజం పట్టుకుంది. రఘుపతి చెప్పిన యుగాలన్నీ ఉలకకుండా పలకకుండా విన్న మనిషి, రామచంద్రయ్య రెండు మాటలకే లేచి నిలబడింది. మొహంలో కోపమేమీ లేదు. ఆశ పెట్టుకొని వచ్చి, ఎప్పటిలాగే తిరిగిపోయే మనిషి మొహం. ఇన్నేళ్లుగా వినటమే తప్ప లియాఖత్ ఆ మొహాన్ని ఎప్పుడూ చూడలేదు.

నోరు మూసుకున్నాడు. కావాలని కాదు, పెదాలు అవే మూసుకున్నాయి. గొంతు మాత్రం ఆగలేదు, నీ సింహాసనమే నీకు చితి యగుగాక అని ఉరుముతూనే ఉంది. ఒక్క క్షణం జనం నోళ్లు తెరుచుకొని చూశారు. ఇక దొరికిపోయాననుకున్నాడు లియాఖత్, గుండె తేలికపడింది కూడా. అంతలో వెనకనుంచి ఎవడో, నోరు తెరవకుండా కడుపులోంచి మాట్లాడుతున్నాడని అరిచాడు. మొత్తం యార్డు పూనకం వచ్చినట్టు చప్పట్లు కొట్టింది. రఘుపతి కళ్లనీళ్లు పెట్టుకొని, పెదవి కదపకుండా పలికేదాన్నే పశ్యంతి అంటారు, శాస్త్రాల్లో చదివాను, ఇవాళ చూశాను అని పక్కవాడికి చెబుతున్నాడు. ఇలా నిలబడితే చాలు. క్యాసెట్టు అయిపోతుంది, పలక పుచ్చుకొని మేఘకంఠుడిగా ఇంటికి పోవచ్చు, బతికినన్నాళ్లూ ఎవడూ అడగడు. అమ్మీ అప్పటికే రెండు కుర్చీలు దాటింది.

మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

“అమ్మీ, యాడికి పోతున్నవ్? కూసో. నేను మాట్లాడుతున్న.”

మెహమూద్ వేలు బెదిరి మీట మీద పడినట్టుంది, రామచంద్రయ్య సగం మాటలో ఆగిపోయాడు. తన గొంతు నాలుగు గొట్టాల్లోంచి పోయి, గోదాము గోడకు తగిలి తిరిగొచ్చింది. మేకపిల్లే, సందేహం లేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. లాల్ బీ ఆగింది. వీపు ఇటే ఉంది, తల మాత్రం పక్కకు తిరిగి చెవి స్టేజీ వైపు వచ్చింది.

“గా గొంతు నాది గాదు,” అన్నాడు లియాఖత్. “రామచంద్రయ్యది. ఆయన సచ్చిపోయిండు. నాది గిది.”

అని ఇంకేం చెప్పాలో తెలియక, అందరూ అలాగే చూస్తుంటే, నిద్రలేని కళ్లు పెద్దవి చేసి, ఆ శాపాన్నే అందుకున్నాడు. పండితులు రాసిన మాటలు నోటికి రాలేదు. చిన్నప్పుడు వాడకట్టులో విన్న మాటలొచ్చాయి.

“ఓరి కండ్లు నెత్తికెక్కినోడా. నీ నోట్ల మన్నువడ. నువ్వు కూసున్న గద్దెనే నీకు కాష్ఠం గాను. నీ ఇంట్ల దీపం పెట్టేటోళ్లు లేకుంట పోను.”

ఎవరూ ఈల వేయలేదు. సినిమా భాషలో పెట్టిన శాపం తెరమీద రాజుకు తగిలి అక్కడే ఆగిపోతుంది, జనం సంబరంగా పల్లికాయలు నములుతారు. ఇది మాత్రం ఎవరి అవ్వ నోటినుంచో చిన్నప్పుడు ప్రతివాడూ విన్నదే, అది ఎంతదూరం తగులుతుందో కూడా తెలిసినదే. రెండో వరసలో కమీషను వ్యాపారి కాలుమీద కాలు తీసేసి సర్దుకొని కూర్చున్నాడు. ఎవరో తల్లి పిల్లవాడి నెత్తిమీద కొంగు కప్పింది. నవ్వినవాడు ఎటు పోయాడో కనబడలేదు. అంజయ్య పెద్దమనిషి చాటునుంచి లేచి చేతులు జోడించి, నన్ను కాదు గదా అన్నట్టు చూస్తున్నాడు. రఘుపతి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాట రాక నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లలో రాజులను శపించాడు, దేవతలను శపించాడు, ఒక్కడూ నిజంగా భయపడలేదు. ఇవాళ సొంత ఊరు మొత్తం భయపడింది. ఆ సంతోషంలో లియాఖత్ చీమ సంగతే మరిచిపోయాడు.

లాల్ బీ వెనక్కి వచ్చింది. గోవిందమ్మ పట్టుకోబోతే చెయ్యి విదిలించుకొని, కుర్చీ తనే వెతుక్కొని, మళ్లీ కాళ్లు పైకి ముడుచుకొని కూర్చుంది. చెంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత స్టేజీ వైపు తలెత్తి, వంటింట్లోంచి పిలిచినంత మామూలుగా అడిగింది.

“మొదటి సిన్మకెళ్లి చెప్పు. నేను ఒక్కటి గూడ ఇన్లే.”

లియాఖత్ శాలువాలు తీసి కుర్చీలో పడేశాడు, వీపు కసిదీరా గోక్కున్నాడు, మైకును లాక్కొని స్టేజీ అంచున కాళ్లు వేలాడేసుకొని కూర్చున్నాడు. జనం ఒకరొకరే కింద కూర్చున్నారు. మొదటి సినిమాలో తను ఋషి కాదు, తలారి. కథానాయకుడి ముందు కత్తి పట్టుకొని నిలబడి, శిరస్సు వంచుమనాలి, అంతే. గొంతు సవరించుకున్నాడు.

“దొరా,” అన్నాడు, “జర తల వంచుండ్రి.”

“ఊఁ,” అంది లాల్ బీ. “వంచిండా?”